మూతపడిన వాలెట్ యాప్‌లో ఉండిపోయిన బిట్‌కాయిన్ బయటికి తీయడం ఎలా?

ఉద్దానం కుర్రోడు:
అన్నలూ, కొంచెం అర్జెంట్. మాది పలాస దగ్గర పల్లెటూరు. మా అన్నయ్య షిప్‌లో పని చేస్తాడు, 2017 చివర్లో కొంచెం బిట్‌కాయిన్ కొని ఫోన్‌లో ఒక వాలెట్ యాప్‌లో పెట్టుకున్నాడు. ఆ యాప్ చేసినవాళ్లు దాన్ని ఆపేశారు, ప్లే స్టోర్‌లో కూడా లేదు. పాత ఫోన్‌లో ఇప్పటికీ తెరుచుకుంటోంది, ఎప్పటిదో బ్యాలెన్స్ చూపిస్తోంది, పంపుదామంటే మాత్రం కనెక్టింగ్ అని తిరుగుతూనే ఉంటుంది. అప్పట్లో యాప్ ఇచ్చిన 12 ఇంగ్లీషు మాటలు అన్నయ్య నోట్‌బుక్‌లో రాసి ఇంట్లో పెట్టాడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా ఇంటి రేకులు ఎగిరిపోయి సామానంతా తడిసింది కదా, ఆ పుస్తకం కూడా తడిసింది. అన్నీ చదవగలుగుతున్నాం గానీ తొమ్మిదో మాటలో మొదటి నాలుగు అక్షరాల తర్వాత సిరా అలుక్కుపోయింది. అన్నయ్యకి పోర్టుకి వచ్చినప్పుడే నెట్ దొరుకుతుంది, నువ్వే చూడరా అన్నాడు. టెలిగ్రామ్‌లో ఆ వాలెట్ పేరుతో సపోర్ట్ గ్రూపు ఉంటే అడిగాను, ఒకతను లింక్ పంపి అందులో 12 మాటలు కొట్టి వాలెట్ వాలిడేట్ చేసుకోమన్నాడు. కొట్టొచ్చా? ఇంటికి స్లాబ్ వేయడానికి ఈ డబ్బు మీదే ఆశ పెట్టుకున్నాం, చాలా టెన్షన్‌గా ఉంది.

నాగావళి గట్టు:
ఆ లింక్ ముట్టుకోకు తమ్ముడూ. ఆ మాటలు ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే, వాలిడేట్ అని అడిగేవాడు దొంగే, ఇందులో రెండో ఆలోచన వద్దు. గ్రూపులోంచి బయటికొచ్చెయ్. అన్నట్టు పాత ఫోన్‌లో ఆ యాప్ తీసేయకు, ఫోన్ రీసెట్ చేయకు. పని పూర్తయ్యేదాకా అలాగే ఉంచు.

రాజాం జంక్షన్:
వైజాగ్‌లో ఇలాంటివి రికవరీ చేసేవాళ్లు ఉన్నారంట, ఇంత పర్సంటేజీ అని తీసుకుంటారు. ఫోనూ పుస్తకం ఇచ్చేస్తే వాళ్లే చూసుకుంటారు. మనకెందుకు తలనొప్పి.

నాగావళి గట్టు:
రాజాం అన్నా, మాటలన్నీ చేతిలో ఉన్నప్పుడు ఫోనూ పుస్తకం ఒకడికి అప్పజెప్పడమంటే తాళాలిచ్చి ఇంటికి కాపలా పెట్టడమే. దయచేసి ఇలాంటి సలహా ఇవ్వొద్దు.

తమ్ముడూ, బిట్‌కాయిన్ ఆ యాప్‌లో లేదు, ఎప్పుడూ లేదు. అది బ్లాక్‌చెయిన్ మీద, అంటే నెట్‌లో అందరికీ కనిపించే ఉమ్మడి లెక్కల పుస్తకంలో ఉంది, దాన్ని కదిపే తాళంచెవి ఆ 12 మాటల నుంచి పుడుతుంది, యాప్ పోయినా అది పోదు. తొమ్మిదో మాట గురించి కూడా బెంగ వద్దు. చాలా వాలెట్లు వాడేది బిప్39 అనే జాబితా, అందులో మాటలు 2048, ఏ రెండు మాటలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. ఆ జాబితా నెట్‌లో అందరికీ కనిపించేదే, నీకు కనిపిస్తున్న నాలుగు అక్షరాలతో వెతుక్కో, మాట దొరుకుతుంది. జాబితా తెరిచి కళ్లతో చూడు, ఏ సైట్‌లోనూ మాటలు టైప్ చేయకు.

ముందు పాత యాప్‌లో రిసీవ్ నొక్కి అడ్రస్ తీసుకుని మెంపూల్ డాట్ స్పేస్‌లో వెతుకు, ఏ అడ్రస్‌లో ఎంత బిట్‌కాయిన్ ఉందో చూపించే సైట్ అది. అడ్రస్ చూపిస్తే ఎవరూ డబ్బు తీయలేరు. చాలా యాప్‌లు ప్రతిసారీ కొత్త అడ్రస్ చూపిస్తాయి కాబట్టి అక్కడ సున్నా వస్తే హిస్టరీలో పాత అడ్రస్‌లు చూడు. అడ్రస్ 1తో మొదలైందా, 3తోనా, బీసీ1తోనా అన్నది రాసిపెట్టుకో.

తర్వాత కంప్యూటర్‌లో ఎలక్ట్రమ్ అనే బిట్‌కాయిన్ వాలెట్ సాఫ్ట్‌వేర్ వేసుకో. ఎలక్ట్రమ్ డాట్ ఓఆర్‌జీ అని చేత్తో టైప్ చేసి దింపుకో, గూగుల్‌లో పైన వచ్చే యాడ్ నొక్కకు. 2018 చివర్లో నకిలీ అప్‌డేట్ మెసేజ్ చూపించి పాత ఎలక్ట్రమ్ వాడేవాళ్ల బిట్‌కాయిన్ బోలెడు కొట్టేశారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. నెట్ సెంటర్‌లో గానీ ఆఫీసు కంప్యూటర్‌లో గానీ చేయకు. కొత్త వాలెట్, నా దగ్గర సీడ్ (అంటే ఆ 12 మాటలే) ఉంది అని వెళ్లి, మాటలు కొట్టే చోట ఆప్షన్స్‌లో బిప్39 టిక్ పెట్టాలి, పెట్టకపోతే మాటలు సరైనవే అయినా ఒప్పుకోదు. ఆ తర్వాత స్క్రీన్‌లో డిటెక్ట్ ఎగ్జిస్టింగ్ అకౌంట్స్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కు. చాలామంది ఇక్కడే గుండె జారిపోయి ఆపేస్తారు. ఒకే 12 మాటల నుంచి అడ్రస్‌లు పుట్టించడానికి వేరు వేరు దారులున్నాయి, దాన్నే డెరివేషన్ పాత్ అంటారు. పాత యాప్ ఒక దారిలో వెళ్తే కొత్తది ఇంకో దారిలో వెతికి సున్నా చూపిస్తుంది. సున్నా చూసి డబ్బు పోయిందనుకోకు. అడ్రస్ దేనితో మొదలైందో రాసిపెట్టుకోమన్నది ఈ దారి పట్టుకోవడానికే.

ఉద్దానం కుర్రోడు:
అన్నా, నాలుగు అక్షరాలతో మాట దొరికింది! మెంపూల్‌లో చూస్తే డబ్బు కూడా అక్కడే ఉంది, అడ్రస్ 1తో మొదలవుతోంది. ఫ్రెండ్ లాప్‌టాప్ ఉంది, దాంట్లో చేయొచ్చా? ఇంకోటి, బ్యాలెన్స్ కనిపించాక ఎలక్ట్రమ్‌లోనే ఉంచెయ్యొచ్చా?

నాగావళి గట్టు:
ఫ్రెండ్ ఎంత మంచోడైనా ఆ లాప్‌టాప్‌లో ఏ క్రాక్ సాఫ్ట్‌వేర్ ఉందో మనకి తెలీదు. అన్నయ్య సెలవుకొచ్చేదాకా ఆగినా నష్టం లేదు, డబ్బు అక్కడే ఉంటుంది, తొందరపెట్టేది ఆ టెలిగ్రామ్ వాళ్లే. చేసినప్పుడు మాత్రం పాత మాటల మీద ఉంచొద్దు. వేరే కొత్త వాలెట్ పెట్టి, దాని కొత్త మాటలు కాగితం మీద రెండు చోట్ల రాసి, ఈసారి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అక్కడికి పంపాలి. మొదట కొంచెమే పంపి చేరిందో లేదో చూసి మిగతాది పంపు. ఫీజు ఎంత పంపుతున్నావన్న దాన్ని బట్టి ఉండదు, లావాదేవీ డేటా సైజునీ (ఎన్ని బైట్లు అన్నది) ఆ పూట నెట్‌వర్క్‌లో రద్దీనీ బట్టి ఉంటుంది, రద్దీ తగ్గినప్పుడు చెయ్.

గంటస్తంభం:
విజయనగరం నుంచి. నేను ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తానండి, పన్ను సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. సొంత వాలెట్ నుంచి సొంత వాలెట్‌కి మార్చుకుంటే అది అమ్మకం కాదు, పన్ను పడదు. అమ్మినప్పుడు పడుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, దాని మీద సెస్ 4 శాతం, కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేసుకోనివ్వరు. ఆ ఏడాది జూలై నుంచి అమ్మకం మొత్తం మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది, అది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. అందుకని 2017లో కొన్నప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్, ఎక్స్ఛేంజ్ మెయిల్ ఇప్పుడే వెతికిపెట్టండి. కొన్న ధరకి రుజువు లేకపోతే వచ్చిందంతా లాభమే అనే ప్రమాదం ఉంది.

అమ్మడం మీ అన్నయ్య గారి పేరునే, ఆయన పాన్, ఆయన బ్యాంకు అకౌంట్‌తోనే జరగాలి. మీ అకౌంట్‌లో అమ్మితే లావాదేవీ మీ మీద పడుతుంది. ఎఫ్ఐయూ (అనుమానాస్పద డబ్బు లావాదేవీల మీద కన్నేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దగ్గర రిజిస్టర్ అయిన ఎక్స్ఛేంజ్‌లోనే అమ్మండి. ఎక్కువ రేటిస్తామని టెలిగ్రామ్‌లో తిరిగేవాళ్లకి అమ్మితే వాళ్లు వేసే డబ్బు ఎవరినో మోసం చేసి తెచ్చిందైనా కావచ్చు, అప్పుడు ఎక్కడి పోలీసులో లెటర్ పెడితే మీ అన్నయ్య అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, షిప్ మీద ఉన్న మనిషి దాన్ని విడిపించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

రాజాం జంక్షన్:
సరే, నా సలహా పక్కన పెట్టండి. మా తోడల్లుడిది కూడా ఇలాంటి పాత యాపే, అందులో బిట్‌కాయిన్ కాదు, యూఎస్‌డీటీ, అదే డాలర్ విలువకి ముడిపెట్టిన క్రిప్టో ఉంది. దానికీ ఎలక్ట్రమేనా?

నాగావళి గట్టు:
కాదన్నా, ఎలక్ట్రమ్ బిట్‌కాయిన్‌కి మాత్రమే. యూఎస్‌డీటీ ట్రాన్, ఇథీరియం లాంటి వేరు వేరు బ్లాక్‌చెయిన్ల మీద ఉంటుంది, ముందు ఏ నెట్‌వర్క్ మీద ఉందో చూడమను. ట్రాన్ మీద ఉంటే అడ్రస్ టీతో మొదలవుతుంది, ఫీజుకి కొంచెం టీఆర్ఎక్స్ (ట్రాన్ సొంత కాయిన్) కావాలి. ఇథీరియం మీద ఉంటే 0ఎక్స్‌తో మొదలవుతుంది, ఫీజుకి ఈథర్ (ఇథీరియం సొంత కాయిన్) కావాలి. అది లేకపోతే యూఎస్‌డీటీ కనిపిస్తూనే ఉంటుంది గానీ కదలదు. వేరే థ్రెడ్ పెట్టి అడ్రస్ మొదటి అక్షరాలు మాత్రం రాయమను, చూద్దాం.