పార్కిన్సన్స్ అన్నారు, కానీ నాన్నగారు ఎప్పుడూ వెనక్కే పడుతున్నారు

పెద్దమ్మాయి:
నాన్నగారికి 71. నడక నెమ్మదిస్తే పార్కిన్సన్స్ అని చెప్పి లెవోడోపా మొదలుపెట్టారు. మోతాదు పెంచుకుంటూ వచ్చినా రవ్వంత తేడా లేదు. చేతులు వణకవు. మా టెన్షనంతా పడిపోవడం గురించే. తూలి ముందుకు పడటం కాదు, కుర్చీలోంచి లేస్తూనే నిలువునా వెనక్కి విరుచుకుపడతారు. మొదటి నుంచీ ఇంతే. ఇంకోటి, చెబితే నవ్వుతారేమో. కంచం ముందు పెడితే అందులోకి చూడరు. ఎదురుగా గోడను చూస్తూ తడుముకుంటూ తింటారు, సగం చొక్కా మీదే. మెట్లు ఎక్కుతారు గానీ దిగమంటే మొరాయిస్తారు. కళ్ల డాక్టరు శుక్లం లేదన్నారు. వయసు మీద పడింది, సర్దుకుపోండి అంటున్నారు అందరూ. నాకు మనసొప్పడం లేదు.

న్యూరో రెసిడెంట్:
నవ్వడమా? ఆ కంచం సంగతి మీరు రాయకపోతే నేనూ ఏదో పార్కిన్సన్సే అనుకునేవాణ్ణి. చూపు కిందికి దిగకపోవడం, మొదట్లోనే వెనక్కి పడటం, మందుకు లొంగకపోవడం కలిసి వస్తే ముందు అనుమానించాల్సింది పీఎస్‌పీని, అంటే ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీని. మెదడు కణాలు క్రమంగా క్షీణించే జబ్బు ఇది, స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్షెవ్‌స్కీ అనే వైద్యులు 1964లో వర్ణించారు. పార్కిన్సన్స్‌లో ఈ పడిపోవడాలు మామూలుగా జబ్బు ముదిరాక వస్తాయి.

తల కదపకుండా మీ వేలిని కళ్లతో పైకీ కిందికీ వెంబడించమని, వీడియో తీయండి. కళ్లు కిందికి రాకపోతే డాక్టరు ఇంకో పరీక్ష చేస్తారు. ఆయన్ని ఎదురుగా ఒక్కచోటే చూస్తూ ఉండమని, తలను మెల్లగా పైకెత్తుతారు. అప్పుడు కళ్లు వాటంతట అవే కిందికి దిగితే కంటి కండరాలు బాగున్నట్టే, మెదడులో వాటికి ఆజ్ఞ పంపే పై భాగంలోనే లోపం. ఎంఆర్ఐలో మధ్యమెదడు చిక్కిపోయి, పక్కనుంచి హమ్మింగ్‌బర్డ్ పిట్టలా కనిపిస్తుంది. తొలిదశలో కనిపించకపోనూ వచ్చు. అందుకే రిపోర్టు కాగితం చాలదు, స్కాన్ బొమ్మలున్న సీడీ పట్టుకెళ్లండి.

మూత్రం ఆపుకోలేకపోతున్నారా? పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడుస్తున్నారా? అలాగైతే మెదడులో నీరు చేరే ఎన్‌పీహెచ్ కూడా చూడాలి. వెన్నులోంచి 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి నడక మారిందేమో గమనిస్తారు. షంట్‌తో, అంటే ఆ నీటిని బయటికి మళ్లించే సన్న గొట్టం అమర్చితే, కొందరు బాగా తేరుకుంటారు.

మందుల షాపులో పనిచేస్తాను:
గ్యాస్ మాత్రలో లెవోసల్పిరైడ్ ఉందేమో, కళ్లు తిరగడానికి సినారిజిన్ వాడుతున్నారేమో చూడండి. రెండూ అచ్చం పార్కిన్సన్స్‌లాంటి లక్షణాలే తెస్తాయి. పెద్దవాళ్లు ఒకసారి రాసిచ్చిన చీటీతో ఏళ్లతరబడి కొనుక్కుంటూనే ఉంటారు.

అమ్మను చూసుకుంటున్నాను:
మా అమ్మకు పీఎస్‌పీ. మంచినీళ్లు తాగేటప్పుడు పొలమారుతోందా? మింగడం పరీక్ష ఆలస్యం చేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. కంచం మాత్రం పైకి, కళ్లకు ఎదురుగా వచ్చేలా ఎత్తు మీద పెట్టండి. అమ్మకు అదొక్కటే వెంటనే పనిచేసింది.

పెద్దమ్మాయి:
మూత్రం ఇబ్బంది లేదు. పొలమారుతుంది, జలుబు అనుకున్నాం. మందుల డబ్బా తిరగేస్తే గ్యాస్ మాత్రలో లెవోసల్పిరైడ్ ఉంది! అంటే అంతా దానివల్లేనా?

న్యూరో రెసిడెంట్:
నడక నెమ్మదించడంలో దాని వాటా ఉండొచ్చు. రాసిచ్చిన డాక్టరుకు చెప్పి ఆపించండి, తేడా తెలియడానికి నెలలు పట్టొచ్చు. కానీ చూపు కిందికి దిగకపోవడాన్ని ఆ మాత్ర ఖాతాలో వేయలేం, కాబట్టి అది ఆపాక చూద్దామని ఆగకండి. లెవోడోపాను మాత్రం మీ అంతట మీరు ఉన్నట్టుండి మానేయించొద్దు. కదలికల జబ్బులు చూసే న్యూరాలజిస్టు దగ్గరికి వీడియో, సీడీ, ఆ గ్యాస్ మాత్ర అట్ట మూడూ తీసుకెళ్లండి.