ఉగాది పిల్లల స్టాల్: సామాను, పనుల పంపకం

పిల్లల స్టాల్ చూస్తున్నవారు:
అందరికీ నమస్కారం. ఈసారి ఉగాదికి రంగులు వేసే ప్రింటవుట్లు వద్దనుకుంటున్నాను. కుండ, మామిడాకు, వేపపువ్వు బొమ్మలు అచ్చేసి ఇస్తే పిల్లలందరూ ఒకే బొమ్మ పట్టుకుని ఇంటికెళ్తారు. బొమ్మల కొలువు, సంక్రాంతి అయ్యాక మన గరాజుల్లో ఎంత సామాను మిగిలిందో చూడండి. గాలిపటాల కాగితం, ముగ్గు రంగులు, జరీ అంచులు, కుందన్ రాళ్లు, పాత శుభలేఖలు. వాటితోనే చేయిద్దాం. కొనాల్సినవి కాన్వాస్ బోర్డులు, తెల్ల జిగురు, అంతే. బట్టా రాళ్లూ కలిపి అంటిస్తే చార్టు పేపరు బరువుకి వంగిపోతుంది, అందుకే బోర్డులు.

జాకెట్లు కుట్టే ఆంటీలకు ఒక మనవి. కత్తిరించగా మిగిలిన ముక్కలు పారేయకండి, అరచేతంత ఉన్నా చాలు. కలంకారీ, మంగళగిరి లాంటి నూలు ముక్కలు ఒక కవర్లో, పట్టు ఇంకో కవర్లో పెట్టండి. నూలు జిగురు పీల్చుకుని బోర్డుకి గట్టిగా పడుతుంది. పల్చటి పట్టులోంచి జిగురు పైకి ఊరి మరకవుతుంది, కాబట్టి దానికి ముందే వెనక కాగితం అంటించి ఉంచాలి. ఆ పని శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో చేద్దాం, వీలైనవాళ్లు రండి.

డెకరేషన్ టీమ్:
అక్కా, మా దగ్గర కొలువు మెట్లకి వాడిన బంగారు రంగు కాగితం, థర్మకోల్ ముక్కలు, పాత గాజులు ఒక డబ్బాడు ఉన్నాయి. గ్లూ గన్లు కూడా తేనా?

పిల్లల స్టాల్:
కాగితం, థర్మకోల్ తీసుకురా తమ్ముడూ. గాజుల్లో మెటల్‌వి మాత్రమే, గాజువి పగిలితే చేతులు కోసుకుంటాయి. గ్లూ గన్ ఒక్కటి చాలు. అది గోడ పక్క ప్లగ్ దగ్గర పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, బరువైన రాళ్లకే వాడదాం. వేడి జిగురు తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది, దానికి తెల్ల జిగురే.

హాల్ బుకింగ్:
అమ్మా, ఇది స్కూల్ కెఫెటీరియా. చమ్కీ పొడి కనబడితే క్లీనింగ్ డిపాజిట్ తిరిగి రాదు. గోడలకి టేపు కూడా అంటించకూడదు. నేల మీద పరవడానికి ఏమైనా తెస్తున్నారా?

పిల్లల స్టాల్:
చమ్కీ పొడి అసలు లేదు అన్నయ్యా. పెయింటర్లు నేల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు హోమ్ డిపో హార్డ్‌వేర్ షాపు నుంచి తెస్తున్నాను. ముగ్గు రంగులు జల్లడం బయట వరండాలో పెడదాం. ఫుడ్ టీమ్ వాళ్లు ఖాళీ అల్యూమినియం ట్రేలు కొన్ని ఇస్తే బోర్డుని ట్రేలో పెట్టి రంగు చల్లించి, ఎక్కువైన రంగు అందులోకే దులిపేయొచ్చు.

ఒక పేరెంట్ వాలంటీర్:
ముందే ఒకటి చేసి నమూనాగా పెడితే పిల్లలకి తేలిక కదండీ?

పిల్లల స్టాల్:
పూర్తయిన బొమ్మ పెడితే అందరూ దాన్నే కాపీ చేస్తారండీ. ఏ ముక్కతో ఏం చేయొచ్చో చూపించే చిన్న చిన్న ముక్కలు పెడదాం. మా అమ్మాయితో కూర్చుని చేసి చూశాను. ఎర్ర గాలిపటం కాగితం మీద నీళ్లు కలిపిన జిగురు రాయగానే రంగు కారి పక్కనున్న పసుపు కాగితంలోకి పాకింది. సూర్యోదయంలా వచ్చింది, బ్రష్షుతో అలా వేయడం కష్టం! శుభలేఖని కత్తిరించకుండా చించితే అంచున తెల్లటి పీచు తేలుతుంది, అది నీటి అలలకి సరిపోతుంది. జరీ అంచులోంచి రెండు పోగులు లాగితే వాన. ఇవి చూశాక పిల్లల బుర్రలు వాటంతటవే పనిచేస్తాయి. మీరు పక్కన నిలబడి, "ఇది ఏమిటి?" అని అడగకుండా ఉంటే చాలు.

తెలుగు బడి టీచర్:
చింతపిక్కల జిగురు కూడా చూపిద్దామా అండీ? కొండపల్లి బొమ్మల కాళ్లూ చేతులూ అతికేది చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. చేర్యాల మాస్కులు చేసేదీ వాటితోనే. పిల్లలు తాకి చూస్తే బాగుంటుంది.

పిల్లల స్టాల్:
చాలా బాగుంటుంది టీచర్ గారూ, తప్పకుండా. ఇంట్లోనే ఉడికించి గిన్నెలో తెచ్చేయండి, హాల్లో పొయ్యి వెలిగించనివ్వరు. అయితే మక్కు ఆరడానికి చాలా టైమ్ పడుతుంది కాబట్టి బోర్డుల మీద వాడొద్దు, విడిగా ఒక ముద్ద చేసి ఆడుకోనిద్దాం.

ఆరబెట్టడమే నాకున్న పెద్ద టెన్షన్. భోజనాలయ్యాక స్టాల్ తెరిస్తే తడి బోర్డులు కార్లలో పట్టుచీరలకి అంటుకుంటాయి. అందుకని పంచాంగ శ్రవణం మొదలయ్యేలోపే స్టాల్ ముగించి, బోర్డులు స్టేజీ వెనక టేబుళ్ల మీద పరిచి, డిన్నర్ తర్వాత ఇద్దాం. బోర్డు వెనక పేరు పెన్సిల్‌తో ముందే రాయించాలి. మూడేళ్లలోపు పిల్లలకి పూసలు, రాళ్లు ఇవ్వొద్దు, కాగితం, బట్ట మాత్రమే.

ఇంకా కావాల్సినవాళ్లు: వరండాలో ట్రేల దగ్గర ఇద్దరు, గ్లూ గన్ దగ్గర ఒకరు, బోర్డులు పంచడానికి ఇద్దరు. పేర్లు కిందే రాయండి.