పరిశోధన ప్రతిపాదనలో ‘ఇతర పరిశోధకులకు ప్రయోజనం’ అన్న భాగం ఎలా రాయాలి?

ప్రశ్న:
కాకతీయుల కాలపు తెలుగు దానశాసనాల్లోని భూమి కొలతలపై మూడేళ్ల ప్రాజెక్టుకు ప్రతిపాదన సిద్ధం చేస్తున్నాను. దానివల్ల ఇతర పరిశోధకులకు కలిగే ప్రయోజనాన్ని ఒక పేజీలో వివరించమన్నారు. ‘చరిత్రకారులకు, భాషాశాస్త్రవేత్తలకు ఎంతగానో ఉపకరిస్తుంది’ అని రాస్తే, ఇది ఏ ప్రతిపాదనకైనా అతికే వాక్యమని మా విభాగంలోని పెద్దలు తిప్పి పంపారు. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
మీ ప్రాజెక్టు చేయబోయే పని ఇంతవరకు జరగకపోవడం వల్ల ఎవరి పరిశోధన ఎక్కడ ఆగిపోయిందో ముందుగా రాయండి. మధ్యయుగ ఆంధ్రదేశంలో పన్నుల భారాన్ని లెక్కకట్టాలనుకునే ఆర్థిక చరిత్రకారులకు శాసనంలో ఇన్ని మర్తురులని (మర్తురు అంటే అప్పటి భూమి కొలత) కనిపిస్తుంది గానీ, పొలాన్ని కొలిచే గడ పొడవు అంతటా ఒకటి కాదు కాబట్టి, ఒక ఊరి మర్తురును మరో ఊరి మర్తురుతో పోల్చడానికి వారు సాహసించలేరు. మీరు ప్రతి శాసనానికీ కొలత పేరు, గడ వివరం, ఊరు, శకసంవత్సరం విడివిడిగా నమోదు చేస్తే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. అలాగే నీరునేలను, మెట్టను వేరుగా చూపిస్తే ఏ చెరువు కింద ఎంత భూమి దానంగా వెళ్లిందో నీటిపారుదల చరిత్ర రాసేవారికి తెలుస్తుంది. మీ పేజీకి ప్రాణం ఈ రెండు విషయాలే.

జవాబు 2:
నాది చారిత్రక భాషాశాస్త్రం. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటం 1948లో తెలుగు శాసన పాఠాలను అందించింది. అది లేనిదే మాకు అడుగు పడదు. అయితే అచ్చు పుస్తకంలో ఒక పదరూపాన్ని కాలక్రమంలో వెతకాలంటే పుటలన్నీ తిరగెయ్యవలసిందే. మీరు పాఠాన్ని రాతి మీద ఉన్నది ఉన్నట్టుగా, బండి ఱను మామూలు రగా మార్చకుండా ఎక్కిస్తేనే మాకు పనికివస్తుంది. దిద్దిన పాఠం ఒక్కటే మిగిలితే, ర, ఱల భేదం ఏ ప్రాంతంలో ఎప్పుడు చెదిరిందో తేల్చే ఆధారం పోతుంది. ఈ హామీని స్పష్టంగా రాయండి. సాహిత్య పరిశోధకులను మాత్రం చేర్చకండి. శాసనాల్లోని పద్యభాగాలు మీ పరిధిలో లేవు కదా.

జవాబు 3:
పై ఇద్దరి మాటలకు ఒక చేర్పు. ప్రయోజనం ఏ రూపంలో, ఎప్పుడు చేతికందుతుందో కూడా చెప్పాలి. గ్రీకు, లాటిన్ శాసనాల కోసం రూపొంది, ఇప్పుడు దక్షిణాసియా శాసనాలకూ వాడుతున్న ఎపిడాక్ అనే డిజిటల్ పద్ధతిలో పాఠాలను గుర్తులు పెట్టి దాచితే, కన్నడ, సంస్కృత శాసనాలపై పనిచేసేవారు కూడా తమ సామగ్రితో కలిపి వెతుక్కోగలుగుతారు. అన్నీ పూర్తయ్యేదాకా ఆపకుండా, రెండో ఏడాది చివర ఒక జిల్లా సమాచారాన్ని ఉచితంగా విడుదల చేస్తామని రాయండి. వాడి చూసినవారు చూపిన లోపాలను మూడో ఏట సరిదిద్దుకోవచ్చు. అందుకు అవసరమైన సహాయకుడి జీతం బడ్జెట్‌లో కనిపించకపోతే సమీక్షకులు మొదట అడిగేది దాని గురించే.