మెసేజ్‌కి తాళం ఉంది సరే, ఎవరితో మాట్లాడామన్నది దాగుతుందా?

తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి కాంట్రాక్టర్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో బయటపెట్టిన రహస్య పత్రాల గురించి ఈమధ్యే చదివాను. ఆ ఎన్‌ఎస్‌ఏ కోట్లమంది కాల్ రికార్డులు రోజూ తెప్పించుకునేది. మాటలు కాదు, ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు అన్నవి మాత్రమే. "మాటలు వినలేదుగా" అని తేలిగ్గా తీసుకున్నాను. తర్వాత నా కాల్ లిస్టే ఒకసారి చూసుకున్నాను. రాత్రి పదకొండుకి డాక్టర్, వెంటనే అక్క, పొద్దున్నే లాయర్. ఒక్క మాటా వినక్కర్లేదు, కథంతా అందులోనే ఉంది!

వాట్సాప్‌లో 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు మాత్రమే చదవగలిగే తాళం) ఉంది, మెసేజ్‌లో ఏముందో కంపెనీకీ కనబడదు. మరి ఎవరికి పంపానన్నదో? క్లౌడ్‌లో పడే బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ విడిగా ఆన్ చేసుకోవాలని నిన్ననే తెలిసింది. ఇన్నాళ్ల పాత బ్యాకప్‌లని ఏం చేయాలి? సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌కి మారితే ఈ బాధ ఎంతవరకు తగ్గుతుంది? అవతలివాళ్లు మారకపోతే ఉపయోగం ఉంటుందా? మామూలు సిమ్ కాల్స్‌కి అసలు దారేమైనా ఉందా?

"తప్పు చేయనివాడికి భయమెందుకు" అని మాత్రం అనకండి, అది ఇంట్లో రోజూ వింటున్నాను.