పాత ఆర్టీసీ బస్సుల స్థానంలో ఏవి రావాలి: సొంతవా, అద్దె విద్యుత్ బస్సులా?

లెక్కల మాస్టారు

15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదు. ఇది కేంద్ర నిబంధన. సైన్యానికి, శాంతిభద్రతలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఇచ్చారు కానీ రాష్ట్ర రవాణా సంస్థల బస్సులకు ఇవ్వలేదు. అవి తుక్కుకు పోవలసిందే.

వాటి బదులు ఆర్టీసీలు సొంతంగా బస్సులు కొనడం ఇక మానేసి, విద్యుత్ బస్సులను కిలోమీటరుకు ఇంత అని అద్దెకు తీసుకోవాలన్నది నా అభిప్రాయం. డీజిల్ బస్సు లీటరుకు ఐదు కిలోమీటర్లకు అటూ ఇటూ ఇస్తుంది. లీటరు 95 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకు ఇంధనానికే 19 రూపాయలు. విద్యుత్ బస్సుకు కిలోమీటరుకు యూనిట్ పైచిలుకు కరెంటు చాలు, ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. కాకపోతే బస్సు ధర డీజిల్ బస్సుకు మూడు నాలుగు రెట్లు. అంత పెట్టుబడి ఆర్టీసీ దగ్గర లేదు, బస్సులు అద్దెకిచ్చే గుత్తేదారు దగ్గర ఉంది. ఇందులో వాదించడానికి ఏముందో నాకు తెలియడం లేదు.

పాత స్పానర్

మీ మొదటి వాక్యంలోనే ఉంది మాస్టారూ. బస్సు వయసును ఏళ్లతో కొలవరు. నేను ఒక డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యాను. ఏ రాష్ట్రం, ఏ డిపో అని అడగవద్దు, మావాళ్లు ఇంకా అక్కడ పనిచేస్తున్నారు. బస్సుకు కిలోమీటర్లే లెక్క. రోజుకు 300 తిరిగితే ఏడాదికి లక్ష దాటుతుంది, పదిహేనేళ్లకు 16 లక్షలు అవుతుంది. ఏదో కార్యాలయంలో జీపు అన్నేళ్లలో మూడు లక్షలు కూడా తిరగదు. రెండింటికీ ఒకే గడువు పెట్టారు. బాగున్న జీపు ముందే పోతోంది, ఎప్పుడో పోవలసిన బస్సు ఇంకా తిరుగుతోంది.

లెక్కల మాస్టారు

నిబంధన ఎందుకు పెట్టారన్నది వేరే చర్చ. 15 ఏళ్లు దాటిన బస్సు రోడ్డు మీదికి రాకూడదు, అంతే. నేనడిగింది దాని బదులు ఏమిటని.

పాత స్పానర్

వేరే చర్చ కాదు. బస్సు ఎప్పుడు ముసలిదవుతుందో తెలియకుండా ఎన్ని కొనాలో ఎలా తేలుస్తారు? సూపర్ లగ్జరీగా పుట్టిన బస్సు కొన్ని లక్షల కిలోమీటర్లయ్యాక ఎక్స్‌ప్రెస్ అవుతుంది. ఆ తర్వాత రంగు మార్చి పల్లెవెలుగు చేస్తారు. కొన్నిటిని చివర్లో సీట్లు పీకి కార్గో బండ్లుగా నడిపారు. అంటే పల్లెకు వచ్చేసరికే అది రెండు జన్మలు ఎత్తింది. రిజిస్ట్రేషన్ కాగితంలో దాని వయసు పదేళ్లే ఉంటుంది. చాసిస్ కిందికి దూరి చూసిన వాడికి తెలుస్తుంది దాని అసలు వయసు.

కిటికీ సీటు

కొండగట్టు బస్సు ప్రమాదం అప్పుడే మర్చిపోయారా? 2018 సెప్టెంబరు 11. అరవై మందికి పైగా పోయారు. పాత బస్సులను వెనకేసుకొస్తున్నవాళ్లు దానికి జవాబు చెప్పాలి.

పాత స్పానర్

వెనకేసుకొచ్చింది ఎవరు? పాత బస్సులను ముందే తీసెయ్యాలనే కదా నేనంటున్నది. ఆ రోజు ఆ బస్సులో వందమందికి పైగా ఉన్నారు. యాభైమంది ఎక్కవలసిన బస్సులో అంతమంది ఎందుకు ఎక్కారు? ఇంకో బస్సు లేక. ఆ ప్రమాదాన్ని వాదనలో అస్త్రంగా వాడకండి, దయచేసి.

ఆఖరి ట్రిప్పు

ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మాది మండల కేంద్రానికి పదిహేను కిలోమీటర్ల ఊరు. నేను మండలంలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. రాత్రి ఎనిమిదికి నైట్ హాల్ట్ బస్సు ఉండేది. మా ఊళ్లోనే పడుకుని పొద్దున ఆరింటికి బయలుదేరేది. డ్రైవరు దాన్ని ఎప్పుడూ చెరువుకట్ట వాలులో, మూతి కిందికి పెట్టి ఆపేవాడు. సెల్ఫ్ పనిచేసేది కాదు. చక్రం కింద రాయి పెట్టేవాడు. పొద్దున కండక్టరు రాయి తీస్తే బస్సు దానంతట అది జారుతుంది, అప్పుడు గేరు వేసి స్టార్ట్ చేసేవాళ్లు. వానాకాలంలో కట్ట బురదైతే మేము కూడా తోసేవాళ్లం. ఆ బస్సును తుక్కుకు పంపారు. మంచిదే. దాని బదులు ఏదీ రాలేదు. మాస్టారి విద్యుత్ బస్సూ రాలేదు, స్పానర్ గారి సొంత బస్సూ రాలేదు.

పాత స్పానర్

అమ్మా, సెల్ఫ్ పనిచేయలేదంటే గ్యారేజీవాళ్ల చేతకానితనం అనుకునేరు. సెల్ఫ్ మోటారుకు, బ్యాటరీకి ఇండెంట్ పెడితే స్టోర్స్ నుంచి 'లేదు' అని వచ్చేది. తుక్కుకు పోయే బస్సులోంచి పీకి ఇంకో బస్సుకు బిగించేవాళ్లం. అది కూడా అయిపోతే వాలే గతి. మా ఫోర్మన్ నైట్ హాల్ట్ బస్సు కేటాయించేటప్పుడు 'ఆ ఊళ్లో ఎత్తు ఉందా?' అని డ్రైవర్ని అడిగేవాడు.

లెక్కల మాస్టారు

చూశారా, నా వాదనకు మీరే సాక్ష్యం ఇచ్చారు. విడిభాగం కొనలేని సంస్థ బస్సు కొంటుందా? అద్దె పద్ధతిలో బస్సు కదలకపోతే గుత్తేదారుకు డబ్బు రాదు, పైగా జరిమానా పడుతుంది. సెల్ఫ్ మోటారు అతని తలనొప్పి.

ఉచితం వద్దు

ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేశాక కొత్త బస్సులు ఎక్కడి నుంచి వస్తాయి? ఊరికే ఎక్కేవాళ్లకు వాలులో పెట్టిన బస్సే ఎక్కువ.

ఆఖరి ట్రిప్పు

తెలంగాణలో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. మా బస్సు సెల్ఫ్ అంతకు చాలా ముందే పోయింది. అప్పుడు నేను టికెట్ కొనే బస్సు తోశాను.

నిర్వాహకులు

'ఉచితం వద్దు' తర్వాత పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసివేశాం. ఉచిత ప్రయాణంపై వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి.

పాత స్పానర్

మాస్టారూ, కదిలితేనే డబ్బు అన్నారు. సంతకం పెట్టేటప్పుడు రోజుకు ఇన్ని కిలోమీటర్లు తిప్పుతామని హామీ ఇస్తారు కదా, ఆ హామీ ఎవరు ఎవరికి ఇస్తున్నారు? సంస్థ గుత్తేదారుకు ఇస్తోంది. తిప్పకపోయినా అందులో కొంత కట్టాలి. ఇక రేపు ఆదాయం తగ్గి కొన్ని ట్రిప్పులు కోయవలసి వస్తే డిపో మేనేజరు ఏది కోస్తాడు? డబ్బు కట్టక తప్పని అద్దె బస్సునా, ఆపితే డీజిల్ మిగిలే సొంత బస్సునా? సొంత పల్లెవెలుగునే కోస్తాడు.

ముంబయిలో నగర బస్సులు నడిపే బెస్ట్ (BEST) సంస్థ ఈ దారిలోనే నడిచింది. సొంత బస్సులు ఏటేటా తగ్గాయి, అద్దెవి పెరిగాయి. గిట్టుబాటు కావడం లేదని కొందరు గుత్తేదారులు మధ్యలో చేతులెత్తేశారు. అప్పుడు రోడ్డు మీద నిలబడ్డది గుత్తేదారు కాదు, ప్రయాణికుడు.

కిటికీ సీటు

కరీంనగర్, నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు విద్యుత్ సూపర్ లగ్జరీలు తిరుగుతున్నాయి. నేను ఎక్కాను. కుదుపు లేదు, మోత లేదు. ఇంజను మీద కూర్చుని కాళ్లు కాల్చుకున్నవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం.

లెక్కల మాస్టారు

ప్రయాణికుడి మాట అదీ. స్పానర్ గారికి మాత్రం గ్యారేజీ కావాలి. బ్యాటరీ బస్సుకు ఇంజను ఆయిల్ లేదు, క్లచ్ లేదు, గేరుబాక్సు పని లేదు. ఇక డిపోలో ఇంతమంది మెకానిక్కులు ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. అది రాకూడదనే ఈ వయసు లెక్కలన్నీ. పాత బస్సును బతికించుకుంటే డబుల్ డ్యూటీలు, ఓవర్‌టైమ్ బతుకుతాయి.

పాత స్పానర్

ఓవర్‌టైమా? మాస్టారూ, నేను చేరినప్పుడు షిఫ్టుకు ఎంతమంది ఉండేవాళ్లో, వెళ్లేటప్పుడు అందులో సగం మంది కూడా లేరు. రిటైరైన వాడి స్థానంలో ఎవర్నీ తీసుకోలేదు. చివరి రోజుల్లో నా పక్కన పనిచేసింది ఐటీఐ చదివి అప్రెంటిస్‌గా వచ్చిన పిల్లలు. నేర్పుతాను, ఏడాది కాగానే పంపించేస్తారు. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బస్సు వచ్చాక లోపం ఎక్కడుందో ల్యాప్‌టాప్ పెట్టి చూడాలి, పొగ శుద్ధికి యూరియా ద్రవం పొయ్యాలి. అది మాకు ఎవరు నేర్పారు? కంపెనీ మనిషి వచ్చి పూట సేపు మాట్లాడి వెళ్లాడు. పని చేతకాని వాళ్లను చేసి, తర్వాత 'వీళ్లకు చేతకాదు, అద్దెకు ఇచ్చేద్దాం' అంటారు. మీరు ఒక్క రోజైనా రాత్రి షిఫ్టులో బస్సు కింద గ్యారేజీ గుంతలోకి దిగారా?

లెక్కల మాస్టారు

దిగలేదు. మా అన్నయ్య కండక్టరు. సంస్థ పేరు చెప్పను. జీతంలోంచి నెలనెలా కోసి సహకార పరపతి సంఘంలో వేసేవాళ్లు. కూతురి పెళ్లికి అప్పు కోసం దరఖాస్తు పెడితే నిధులు లేవన్నారు. సభ్యుల డబ్బును సంఘానికి జమ చెయ్యకుండా సంస్థే వాడుకుంది. దేనికి వాడారని అడిగితే డీజిల్‌కని ఒకరు, బస్సులకని ఒకరు చెప్పారు. వదిన గాజులు తాకట్టు పెట్టి పెళ్లి చేశారు. మీ 'సొంత బస్సు' వెనక ఎవరి సొంత డబ్బు ఉందో నాకు తెలుసు కాబట్టి అంటున్నాను. పెట్టుబడి బయటివాడు పెట్టనీయండి. మునిగితే వాడు మునుగుతాడు.

పాత స్పానర్

ఈ మాట మొదటే చెప్పి ఉంటే డీజిల్, కరెంటు లెక్కలు మనకు అక్కరలేకపోయేవి. నాకూ ఆ సంఘం నుంచి రావలసింది ఉంది, అది పక్కన పెట్టండి.

బయటివాడు మునుగుతాడు అన్నారే, వాడు మునగడు. పీఎం ఈ-బస్ సేవ పేరుతో విద్యుత్ బస్సుల చెల్లింపులకు భద్రత అని 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 3,435 కోట్లు ఆమోదించింది. రవాణా సంస్థ గుత్తేదారుకు సమయానికి కట్టకపోతే ఆ నిధి కడుతుంది, తర్వాత రాష్ట్రం నుంచి వసూలు చేసుకుంటుంది. గుత్తేదారు బిల్లుకు ఇంత కాపలా ఉంది. మీ అన్నయ్య జీతంలో కోసిన డబ్బుకు ఏ కాపలా ఉంది? సంస్థ ఖాతాలో డబ్బు తక్కువైన నెలలో ముందు వెళ్లేది గుత్తేదారు బిల్లే. కోత మళ్లీ కండక్టరుకే. కొత్త బస్సుతో మీ అన్నయ్య లాంటివాళ్ల కష్టం తీరదు, వరసలో ఇంకొంచెం వెనక్కి పోతుంది.

లెక్కల మాస్టారు

భద్రత లేకపోతే ఏ బ్యాంకూ విద్యుత్ బస్సుకు అప్పు ఇవ్వదు. 2022 మార్చిలో టోకు డీజిల్ ధర ఒక్కసారిగా పెరిగితే సంస్థల బస్సులు బయటి బంకుల ముందు వరసలో నిలబడ్డాయి. ఆ ఆటుపోట్లు మళ్లీ కావాలా? మీరు చెప్పిన వరస నిజమే కావచ్చు. అయితే ఉచిత ప్రయాణం డబ్బు ప్రభుత్వం నెలనెలా ఇచ్చేలా ఒత్తిడి చెయ్యాలి. బస్సు ఎవరిది అన్నది దానికి మందు కాదు.

అద్దె బస్సు యజమాని

మా నాన్న కాలం నుంచీ ఆర్టీసీకి బస్సులు అద్దెకు ఇస్తున్నాం. ఇక్కడందరూ గుత్తేదారును రాక్షసుడిని చేస్తున్నారు. ఒక బస్సు, ఒక బ్యాంకు అప్పు, ఇద్దరు డ్రైవర్లు, అదీ మా స్థాయి. విద్యుత్ టెండర్లు వందల బస్సులకు పిలుస్తారు, మాలాంటివాళ్లకు అందులో చోటే లేదు. తెలంగాణలో మహిళా సంఘాలు కొన్న బస్సులను 2025 మార్చి నుంచి ఆర్టీసీ అద్దెకు తీసుకుంటోంది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

ఆఖరి ట్రిప్పు

సొంతదో, అద్దెదో, సంఘానిదో. ఎనిమిది గంటలకు ఎవరు నడుపుతారు అన్నదే నా ప్రశ్న. బస్సు పోయాక షేర్ ఆటోవాడు ముందు సీటులో తనకు రెండు పక్కలా మనుషులు నిండితే కానీ కదలడు. చీకటి పడితే నేను ఎక్కను. ఆరున్నరకే దుకాణం నుంచి బయలుదేరుతున్నాను, యజమాని జీతం తగ్గించాడు. మీరిద్దరూ చెప్పే ఏ పద్ధతిలో నాకు ఆ ట్రిప్పు వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి.

లెక్కల మాస్టారు

ఒప్పందంలో పల్లె ట్రిప్పులను కూడా చేర్చి టెండరు పిలవాలి.

పాత స్పానర్

పిలిచినా విద్యుత్ బస్సు మీ ఊళ్లో రాత్రి పడుకోలేదమ్మా. రోజంతా తిరిగిన బ్యాటరీని రాత్రి చార్జింగుకు పెట్టాలి. చార్జర్లు డిపోలో ఉంటాయి, డిపోకు హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) లైను కావాలి. నైట్ హాల్ట్ బస్సుకు రాత్రి మీ ఊరు, పొద్దున మొదటి ట్రిప్పు మీ ఊరి నుంచి. ఎనిమిదికి మిమ్మల్ని దించి ఖాళీగా వెనక్కి పోయి, మళ్లీ తెల్లవారుజామున ఖాళీగా రావాలంటే ఆ ఖాళీ కిలోమీటర్లకు కూడా గుత్తేదారుకు కట్టాలి. అందుకే ఆ బస్సులు నగరాలకు, జిల్లా కేంద్రాల మధ్య దారులకు వెళ్తున్నాయి. వెళ్లనీయండి, నాకు అభ్యంతరం లేదు. అక్కడ ఖాళీ అయిన మంచి డీజిల్ బస్సులను వేలం వెయ్యకుండా నైట్ హాల్ట్‌లకు పంపాలి, ఏడాదికి కొన్ని కొత్త డీజిల్ పల్లెవెలుగులు కొనాలి. మూడో జన్మ బస్సు వద్దు.

లెక్కల మాస్టారు

నగరాలకు అద్దె విద్యుత్ బస్సులు వెళ్లనీయండి అన్నారు కదా, అది నేను మొదట చెప్పిందే. కొత్త డీజిల్ బస్సులకు మాత్రం ఒప్పుకోను. అవి కొనడానికి ఎవరి సంఘం డబ్బు తీస్తారో ముందు చెప్పండి.

పాత స్పానర్

మీరు చెప్పింది 'ఆర్టీసీలు ఇక సొంతంగా బస్సులు కొనడం మానేసి' అని. పైకి వెళ్లి చదువుకోండి.

కొండపల్లి బొమ్మ

ఇప్పుడే చూశాను ఈ చర్చ. తిరుమల ఘాట్ రోడ్డులోనే 2022 నుంచి విద్యుత్ బస్సులు ఎక్కుతున్నాయి. అంత కొండ ఎక్కే బస్సు పల్లెకు వెళ్లలేదా? ఊరికే వంకలు.

పాత స్పానర్

ఎక్కడం దిగడం గురించి కాదు బాబూ, పడుకోవడం గురించి. అలిపిరిలో డిపో ఉంది, చార్జర్లు ఉన్నాయి. ఆవిడ ఊళ్లో చెరువుకట్ట ఉంది. ఆవిడ రాసింది రెండుసార్లు చదివి అప్పుడు రాయండి.