ఫ్రేమ్ రిలే ల్యాబ్: హబ్‌లో మల్టీపాయింట్ పెట్టాలా, పాయింట్-టు-పాయింట్ పెట్టాలా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి):
అన్నలూ, జీఎన్ఎస్3లో (రౌటర్లను కంప్యూటర్లోనే నడిపే సాఫ్ట్‌వేర్) ఫ్రేమ్ రిలే ల్యాబ్ కట్టాను. ఫ్రేమ్ రిలే అంటే ఒకే సీరియల్ లైను మీద చాలా చోట్లకి వర్చువల్ దారులు ఇచ్చే పాత పద్ధతి. హబ్ (మధ్య) రౌటర్ పేరు శ్రీకాకుళం, స్పోకులు (దానికి తగిలిన చివరి రౌటర్లు) టెక్కలి, పలాస. హబ్ నుంచి డీఎల్‌సీఐ (ఒక్కో దారి నంబరు) 102, 103. అటువైపు 201, 301. హబ్‌లో సబ్‌ఇంటర్‌ఫేస్ సీరియల్ 0/0.1 మల్టీపాయింట్ (ఒకదాని మీదే చాలా దారులు), స్పోకులు రెండూ పాయింట్-టు-పాయింట్ (ఒకదాని మీద ఒక్క దారే). ముగ్గురూ 10.1.123.0/24లోనే ఉన్నారు. పింగ్ వెళ్తోంది, ఓఎస్‌పీఎఫ్ (రూటింగ్ ప్రోటోకాల్) నైబర్ రావట్లేదు. ఈఐజీఆర్‌పీ 100 (ఇంకో రూటింగ్ ప్రోటోకాల్, 100 దాని నంబరు) పెడితే నైబర్లు వస్తున్నాయి గానీ టెక్కలి లూప్‌బ్యాక్ (రౌటర్ లోపలి వర్చువల్ ఇంటర్‌ఫేస్) రూటు పలాసలో కనబడదు. హబ్‌లో ఏ రకం పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1 (విజయనగరం):
ముందు సబ్‌నెట్ చూడండి తమ్ముడూ. అందరికీ ఒకటే సబ్‌నెట్ అయితే హబ్‌లో మల్టీపాయింట్ తప్పదు. ఒక్కో పీవీసీకి (శాశ్వత వర్చువల్ దారికి) ఒక్కో /30 (రెండు అడ్రసుల సబ్‌నెట్) ఇవ్వగలిగితే పాయింట్-టు-పాయింటే మేలు. మ్యాపులతో (ఏ ఐపీకి ఏ డీఎల్‌సీఐ అని రాసే లైన్లతో) పనే ఉండదు, ఇంటర్‌ఫేస్-డీఎల్‌సీఐ ఒక్క లైను చాలు.

ఓఎస్‌పీఎఫ్ ఆగింది టైమర్ల దగ్గర. మల్టీపాయింట్ మీద డిఫాల్ట్ నాన్-బ్రాడ్‌కాస్ట్, అంటే హలో (నైబర్‌కి పంపే పలకరింపు) 30, డెడ్ (అది రాకపోతే నైబర్ పోయినట్టు లెక్కేసే గడువు) 120 సెకన్లు. స్పోకుల్లో 10, 40. హలో ఇంటర్వెల్ సరిచేసి, హబ్‌లో నైబర్ కమాండ్ ఇచ్చి ఊరుకోకండి. నైబర్ ఫుల్ అని చూపిస్తుంది, రూట్లు మాత్రం టేబుల్లోకి రావు. ఆ లింకును హబ్ ఒక రకంగా, స్పోకు ఇంకో రకంగా తమ ఎల్ఎస్ఏల్లో (లింకుల వివరాల ప్రకటనల్లో) చెప్తాయి కదా, ఎస్‌పీఎఫ్‌కి (దారులు తేల్చే లెక్కకి) రెండూ పొసగవు. మూడు రౌటర్లలోనూ ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ పాయింట్-టు-మల్టీపాయింట్ ఇవ్వండి. డీఆర్ (ఆ నెట్‌వర్క్ తరఫు ప్రతినిధి రౌటర్) ఎన్నిక గొడవే ఉండదు, ఒక్కో రౌటర్ అడ్రసు /32గా మిగతావాళ్లకి చేరుతుంది.

జవాబు 2:
ఈఐజీఆర్‌పీలో అడ్డుపడుతోంది స్ప్లిట్ హొరైజన్. టెక్కలి రూటు 0/0.1 మీద వచ్చింది, మళ్లీ 0/0.1 మీదే పలాసకి పోవాలి, హబ్ పంపదు. హబ్‌లో ఆ సబ్‌ఇంటర్‌ఫేస్ కింద నో ఐపీ స్ప్లిట్-హొరైజన్ ఈఐజీఆర్‌పీ 100 కొట్టండి. నంబరు లేకుండా ఉత్త నో ఐపీ స్ప్లిట్-హొరైజన్ ఇస్తే అది రిప్ అనే పాత రూటింగ్ ప్రోటోకాల్‌కే పనిచేస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఇంకొకటి. చేత్తో మ్యాప్ రాస్తే చివర బ్రాడ్‌కాస్ట్ అన్న మాట మరవకండి: ఫ్రేమ్-రిలే మ్యాప్ ఐపీ 10.1.123.2 102 బ్రాడ్‌కాస్ట్. అది లేకపోతే పింగ్ బాగానే ఉంటుంది, మల్టీకాస్ట్ హలోలు మాత్రం బయటికి పోవు.

ప్రశ్న అడిగినవారు:
రెండూ పనిచేశాయి, చాలా థాంక్సండి. ఇప్పుడు /30లతో కూడా చేద్దామని 0/0.1ని పాయింట్-టు-పాయింట్‌గా మార్చబోతే రౌటర్ ఒప్పుకోవట్లేదు. తీసేసి మళ్లీ పెట్టినా అంతే.

జవాబు 1:
ఒకసారి పెట్టిన రకం రీలోడ్ చేసేదాకా మారదు. ఆ నంబరు వదిలేసి 0/0.102, 0/0.103 అని డీఎల్‌సీఐ నంబర్లతోనే కొత్తవి చేసుకోండి, చూడగానే ఏది ఎటో తెలుస్తుంది. పాత దాని కింద 102, 103 మ్యాపులు ఉంటే ముందు తీసేయండి.

జవాబు 3:
రెడీమేడ్ స్విచ్ కాకుండా రౌటర్‌నే ఫ్రేమ్ రిలే స్విచ్‌గా వాడితే ఇంకో రకం చూసుకోవాలి. ఫ్రేమ్-రిలే స్విచింగ్ ఇచ్చాక, రౌటర్లవైపు పోర్టుల్లో ఫ్రేమ్-రిలే ఇంట్ఫ్-టైప్ డీసీఈ (జవాబిచ్చే వైపు). స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య ఎన్ఎన్ఐ. ఇవ్వకపోతే డిఫాల్ట్ డీటీఈ (అడిగే వైపు). రెండు వైపులా ఎల్ఎంఐ (రౌటరూ స్విచ్చూ లైను బాగుందా అని మాట్లాడుకునే పద్ధతి) స్టేటస్ అడిగేవాళ్లే, జవాబిచ్చేవాళ్లుండరు, లైన్ ప్రోటోకాల్ పడిపోతుంది. క్లాక్ రేట్ ఇచ్చే కేబుల్ డీసీఈకీ దీనికీ సంబంధం లేదు, అది ఏ చివర ఉన్నా ఫరవాలేదు. తర్వాత షో ఫ్రేమ్-రిలే పీవీసీ చూడండి: డిలీటెడ్ అంటే ఆ డీఎల్‌సీఐ స్విచ్‌కి తెలియదు, ఇనాక్టివ్ అంటే మీ వైపు బాగుంది, అవతలి చివర చూడాలి.