అమ్మని బాలన్‌షీన్ బ్యాలేకి తీసుకెళ్తున్నాను. కథ లేకపోతే చూడగలదా?

తెనాలి అబ్బాయి:
అందరికీ నమస్కారం. ఎడిసన్‌లో ఉంటాం. అమ్మ నాలుగు నెలలుందామని తెనాలి నుంచి వచ్చింది. వచ్చే శనివారం సాయంత్రం లింకన్ సెంటర్‌లో న్యూయార్క్ సిటీ బ్యాలే ప్రోగ్రామ్‌కి రెండు టికెట్లు తీసుకున్నాను. మూడూ నృత్య దర్శకుడు జార్జ్ బాలన్‌షీన్ కూర్చినవే: సెరెనేడ్, కాన్సర్టో బరోక్కో, సింఫనీ ఇన్ సి. టికెట్లు కొన్నాక తెలిసింది, మూడింట్లో దేనికీ కథ లేదట. అమ్మ చిన్నప్పటి నుంచి కూచిపూడి చూసిన మనిషి. భామాకలాపం చూసొస్తే సత్యభామ జడ గురించే అరగంట మాట్లాడుతుంది. "ఎవరికి ఎవరు ఏమవుతార్రా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాకూ ఇదే మొదటిసారి, టెన్షన్‌గా ఉంది. ఏం చూడమని చెప్పాలి? సీట్లు నాలుగో రింగులో, అంటే నాలుగో బాల్కనీలో, బాగా పైన. మార్చుకోమంటారా?

జెర్సీ సిటీ గజ్జెలు:
సీట్లు మార్చకండి. విజయవాడలో ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక సెరెనేడ్ ఆరుసార్లు చూశాను. నాలుగుసార్లు నాలుగో రింగు నుంచే.

తెర లేచేసరికి నీలి వెలుగులో 17 మంది అమ్మాయిలు కదలకుండా నిలబడి ఉంటారు. పైనుంచి చూస్తే ఆ వరసలు రెండు వజ్రాల ఆకారాలు మొన దగ్గర కలిసినట్టుంటాయి. కింద కూర్చుంటే ఇది తెలియదు. కుడి చెయ్యి ఎత్తి, అరచెయ్యి బయటికి తిప్పి, ఎక్కణ్ణుంచో వచ్చే వెలుగుకి అడ్డం పెట్టుకున్నట్టు ఉంటారు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర వాలి, మెల్లగా దిగుతుంది. కాసేపటికి, అప్పటిదాకా పక్కపక్కన ఆనుకుని ఉన్న పాదాలు అందరివీ ఒకేసారి బయటికి తెరుచుకుంటాయి. మడమలు మాత్రం కలిసే ఉంటాయి. ఫస్ట్ పొజిషన్ అంటారు, బ్యాలే పాఠం అక్కడే మొదలు.

మొదటిసారి అది చూసినప్పుడు నాకు మా మాస్టారి వరండా కళ్ళ ముందు నిలిచింది. మమ్మల్ని సమపాదంలో, అంటే పాదాలు జతగా పెట్టి నిలబెట్టి, కర్రతో చెక్క మీద ఒక్క దెబ్బ వేసేవారు. ఆ దెబ్బకి అందరం మోకాళ్ళు పక్కలకి వంచి అరమండిలోకి దిగేవాళ్ళం. ఇంకా ఏ అడుగూ వెయ్యలేదు, కానీ ఒళ్ళు మారిపోయేది. అమ్మగారికి ఈ ఒక్కటీ చెప్పండి చాలు, మిగతాది ఆవిడే పట్టుకుంటారు.

ఇది పుట్టిన తీరు కూడా చెప్పండి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన బాలన్‌షీన్ అమెరికా వచ్చాక ఇక్కడ కూర్చిన మొదటి బ్యాలే ఇది, 1934లో. అప్పుడే పెట్టిన స్కూలు, చేతిలో ఉన్నది నేర్చుకునే పిల్లలే. మొదటి రోజు 17 మంది అమ్మాయిలు వస్తే 17 మందికీ సరిపడేలా వరస కట్టారు. ఇంకో రోజు తొమ్మిది మందే వచ్చారు, తొమ్మిది మందికే కూర్చారు. ఒకమ్మాయి పడిపోయి ఏడ్చేసింది, ఆ పడడం ఉంచేశారు. ఒకమ్మాయి ఆలస్యంగా వచ్చింది, అదీ ఉంచేశారు. మొదటి భాగం చివర్లో అందరూ మళ్ళీ చెయ్యెత్తి నిలబడ్డాక ఒకామె వెతుక్కుంటూ వచ్చి తన చోటులో నిలబడుతుంది. అప్పుడు ఆమెనే చూస్తూ ఉండండి.

డాలస్ వయొలిన్:
బరోక్కో గురించి నేను చెప్తాను. జర్మన్ స్వరకర్త బాఖ్ డి మైనర్‌లో రెండు వయొలిన్లకి, వాటి వెనక వాద్యబృందానికి రాసిన కాన్సర్టో దాని సంగీతం. వేదిక మీద ముఖ్యమైన నర్తకీమణులు ఇద్దరు. ఒక వయొలిన్ అందుకుంటే ఒకామె, రెండోది అందుకుంటే రెండో ఆమె. వెనక ఎనిమిది మంది. మగ నర్తకుడు ఒక్కడే, అదీ నెమ్మదిగా సాగే రెండో భాగంలోనే. అమ్మగారికి జతిస్వరం తెలిసే ఉంటుంది కదా? దానికీ కథ లేదు, అభినయం లేదు. "ఇది వాళ్ళ జతిస్వరం అమ్మా" అనండి, సరిపోతుంది.

సింఫనీ ఇన్ సి సంగీతం ఫ్రెంచ్ స్వరకర్త బిజే 1855లో, 17 ఏళ్ళ వయసులో రాసింది. ఆఖర్న 50 మందికి పైగా ఒకేసారి వేదిక మీద ఉంటారు. దానికి ఏ వివరణా అక్కర్లేదు.

క్వీన్స్ కోడలు:
నేను మాత్రం మొదటిసారికి కింద సీటే అంటాను. మొహాలు కనపడకపోతే పెద్దవాళ్ళకి విసుగు. మా అత్తగారు పైన కూర్చుని, ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో తెలియలేదని బాధపడ్డారు.

జెర్సీ సిటీ గజ్జెలు:
మీరన్నది నిజమే అండీ, కథ ఉన్న బ్యాలే అయితే నేనూ కిందే కూర్చుంటాను. ఇక్కడ మొహం చూసి తెలుసుకోవాల్సింది తక్కువ. చిన్న బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్ళండి, సెరెనేడ్ చివరి భాగానికి పనికొస్తాయి. జుట్టు విరబోసుకుని ఒకామె నేల మీద పడి ఉంటుంది. ఒకతను నడిచి వస్తుంటే, వెనక నుంచి ఇంకొకామె అతని కళ్ళు మూసి నడిపిస్తూ ఉంటుంది. ఎందుకని ఎవరూ చెప్పరు. మా నాన్న పోయిన ఏడాది అది చూసి, ఇంటర్వెల్‌లో లేచి బయటికి వెళ్ళలేకపోయాను.

66వ వీధి స్టేషన్‌కి ఒకటో నంబరు రైలు. అరగంట ముందే చేరండి, మొదలయ్యాక తలుపులు వేసేస్తారు. పైకి లిఫ్ట్ ఉంది. అమ్మగారికి శాలువా మర్చిపోకండి, ఏసీ చల్లగా ఉంటుంది.

తెనాలి అబ్బాయి:
వెళ్ళొచ్చాం. సీట్లు మార్చలేదు. పాదాల సంగతి రైల్లోనే చెప్పాను, ఆలస్యంగా వచ్చే అమ్మాయి సంగతి మర్చిపోయాను. ఆమె వచ్చి నిలబడగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని "పాపం, ఎవరూ ఏమీ అనలేదురా" అంది. బరోక్కోలో రెండో భాగం అంతా వేళ్ళతో తాళం వేస్తూనే ఉంది. ఎవరికి ఎవరు ఏమవుతారని ఒక్కసారీ అడగలేదు. ఈ పొద్దున కాఫీ కలుపుతుంటే చూశాను, కిటికీ దగ్గర నిలబడి కుడి చెయ్యి ఎత్తి, అరచెయ్యి ఎండకి అడ్డం పెట్టి, మణికట్టు ఎలా వాల్చారో చూసుకుంటోంది.